అంచూరు

ఫోను ఎత్తగానే ఎతిరాజులు గారు:
"అమ్మాయ్, మీ రైలు నా టాబ్‌లో పట్టాలు తప్పిందే."

వడపళనిలో మాది రెండు గదుల ఆఫీసు.
బొమ్మరైళ్ళ మాసపత్రిక, పేరు చిట్టి పట్టాలు.
కాగితం ఎక్కదు, తెర మీదే నడుస్తుంది.
పేజీలు పేర్చేది నేను.
తెర మొరాయిస్తే తిట్లు తినేదీ నేనే.

"ఏం కనబడుతోందండీ?"
"డబ్బాలు. అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు,
గూడ్సు బండి మాదిరి."
మిగిలింది చదివి వినిపించారు:
పట్ టా. చక్ రం. స్ టే షన్.
ఒత్తులన్నీ ఊడి
పక్కన నిలబడ్డాయట, కప్లింగు తెగిన పెట్టెల్లా.
"మా బళ్ళో చదివించింది తమిళం కదా,
అందులో అక్షరాలు ఇట్లనే విడివిడిగా నిలబడతాయి
నెత్తిన చుక్క పెట్టుకుని.
అందుకే మొదట తప్పనిపించలా."

మానిటర్‌కి అంటించిన చీటీ చూసి
వరసగా చెప్పాను.
మూసి తెరవండి.
క్యాష్ క్లియర్ చేయండి.
"పెన్షను అయిదో తేదీకే క్లియరయిందమ్మా."
టాబ్ అడ్డంగా తిప్పండి.
"తిప్పాను. పేజీ తిరగలా, నా మెడ తిరిగింది."

ఆదివారం అయనావరం వెళ్ళాను.
వాన. ఇనప మెట్లు,
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పైనాలుగేళ్ళు వెల్డింగు చేసిన చేయి
ఇంటికోసం అతికించినవి. ఒక్క మెట్టూ కదల్లేదు.
టాబ్‌కి మాత్రం ఒక మూల పగులు,
దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు.

కొత్త ఫాంటు ఎక్కించాను.
ఒక్కొక్క ఒత్తూ వెనక్కి జరిగి
తన అక్షరం కిందికి దూరింది.
"టక్‌మన్నది, విన్నావా?" అన్నారాయన.
తెరకి చప్పుడేమిటి, నేను వినలేదు.
ఆయన మాత్రం చెవి వంచే ఉన్నారు.

ఇరవై రెండో పేజీకి వచ్చాం.
ఆ నెల వేసింది రెండు పేజీల పటం:
రేవు దగ్గర బయల్దేరి
కొండ చుట్టి
మళ్ళీ రేవుకే వచ్చే దారి.
ఎడమ సగం ఇరవై రెండు, కుడి సగం ఇరవై మూడు.
ఆయన టాబ్‌లో ఇరవై మూడు
ఉతికారేసిన పంచెలా తెల్లగా ఉంది.

"దాంతో పనేముంది," అంటూ
వంటింటి పక్క దుప్పటి తీశారు.
ప్లైవుడ్డు మీద రేవు. క్రేను. అగ్గిపుల్లల సిగ్నలు.
పట్టా వంపు మొదలుపెట్టి,
సరిగ్గా నేను పేజీ కోసిన గీత దగ్గర
ఆగిపోయింది.
అక్కడ ఎర్ర రంగేసిన రెండు దుంగలు,
పౌడరు డబ్బా మూతతో ఇంజను తిప్పే చక్రం,
వేలెడంత ప్లాట్‌ఫారం,
పసుప్పచ్చ బోర్డు మీద నల్లగా: అంచూరు.

"ఒత్తుల్లేని పేరు పెట్టినా," అన్నారు,
"మళ్ళీ ఊడకుండా."

ఏం మాట్లాడాలో తోచక
రెండు పేజీలూ పక్కపక్కన కనబడే మీట నొక్కాను.
కొండ వచ్చింది. సొరంగం వచ్చింది.
ఆయన వేలు దారి పట్టుకుని వెళ్ళి
బయల్దేరిన చోటికే చేరింది.
"ఓహో. తిరిగొస్తాదా."
మళ్ళీ ఇంకోసారి తిప్పారు, మెల్లగా.
తర్వాత ప్లైవుడ్డు చివర చూశారు.
"ఆ పక్క గ్యాసు బండ ఉంది. పట్టుకో."
బండని మూరెడు జరిపాం.

పన్నెండు రోజులకి మళ్ళీ ఫోను.
"అంచూరు తీసెయ్యలా. ఇప్పుడది జంక్షను.
బోర్డు మార్చాల. నేను తెలుగు చదవనైతే నేర్చినా,
అదీ అరవై దాటినాక, పలక కొనుక్కుని.
ఒత్తులు రాసేది చేతికి రాలా. చెప్పు."

"జ పక్కన సున్నా పెట్టండి. తర్వాత క."
"పెట్టినా."
"దాని కింద ష ఒత్తు, చిన్నగా."
"కింద చోటు లేదే."
"కొంచెం పక్కకి వాలినా ఫరవాలేదండీ."
"ఉండు ఉండు, పెయింటు కారతాంది,"
అని ఫోను కింద పెట్టారు, కట్ చేయకుండా.

కుంచె చప్పుడు వినిపిస్తుందేమోనని
చెవి వంచాను.